ఖాళీ గడుల సంగతి అడగండి

పొద్దుగూకినప్పటి నుంచి ఇంట్లో ఒకటే చప్పుడు. డుమ్, టక్, డుడుమ్, టక్. రెండు సెకన్లకోసారి మళ్లీ మొదటికొస్తుంది. పిల్లవాడు ఫోనో, రబ్బరు మీటల పలకో ముందు పెట్టుకుని ఏదో ఒత్తుతాడు, తల ఊపుతాడు, ఇంకోటి ఒత్తుతాడు. వినేవాళ్లకు తేడా ఏమీ తెలియదు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తోలే రోజుల్లో ఈ మోత భరించడం కష్టమే. పైగా ఆ పనులూ, టెన్త్, ఇంటర్ పరీక్షలూ ఒకేసారి వచ్చి పడతాయి. "ఏందిరా, డీజే అయితవా?" అని నాయిన కసిరితే ఆయన్ను తప్పుపట్టలేం.

కాకపోతే కసిరే ముందు పక్కన కూర్చుని ఆ తెర మీద ఏం జరుగుతుందో ఒక్క పది నిమిషాలు చూడండి.

దాన్ని స్టెప్ సీక్వెన్సర్ అంటారు. వరుసకు 16 గడులు. ఒక్కో వరుస ఒక్కో చప్పుడుది: ఒకటి కిక్, అంటే గుండెకు తగిలే ఆ డుమ్ము, ఒకటి స్నేర్, ఆ టక్కు, ఇంకొకటి హై-హ్యాట్, తాళాల చిటచిట. గడి నొక్కితే వెలుగుతుంది. ఎడమ నుంచి కుడికి ఒక గీత నడుస్తూ వెలిగిన గడి దగ్గర ఆ చప్పుడు పలికిస్తుంది, వెలగని గడిని పలకకుండా దాటేస్తుంది. పదహారూ అయ్యాక మళ్లీ ఒకటి. నాలుగు గడులకు ఒక దెబ్బ, నిమిషానికి 120 దెబ్బల వేగం అనుకుంటే ఒక చుట్టుకు సరిగ్గా రెండు సెకన్లు. మీ తల తినేస్తున్న రెండు సెకన్లు అవే.

దీనికి చేతివేగం అక్కర్లేదు, సాధన అక్కర్లేదు. ఎక్కడ మోగాలి, ఎక్కడ మోగకూడదు అన్నది తేల్చుకోవాలి, అంతే. కొత్తలో పిల్లలు గడులన్నీ నింపేస్తారు. రేకుల కప్పు మీద రాళ్లవాన పడినట్టుంటుంది. కొన్నాళ్లకు ఎప్పుడో ఒకసారి తొమ్మిదో గడిలో కిక్ ఆర్పేస్తారు. దెబ్బ పడుతుందని చెవి ఎదురుచూసిన చోట పడదు. ఒళ్లు దానంతటదే ఊగుతుంది. అప్పుడే పదో గడిలో పెడితే ఎలా ఉంటుందో, పదకొండులో పెడితే ఎలా ఉంటుందో అని గంటసేపు అదే చుట్టు తిప్పుతారు. మీకు ఒకటే మోతగా వినబడేది నిజానికి ఇరవై రకాల మోతలు.

అందుకని "ఏం పాట అది?" అని అడక్కండి. అది ఇంకా పాట కాలేదు, పిల్లవాడికి చెప్పడానికేమీ ఉండదు. "మంచిగుంది" అని కూడా వెంటనే అనకండి, మాట అక్కడితో ఆగిపోతుంది. వేలితో తెర మీద చూపించి, "ఈడ ఎందుకు ఖాళీ ఇడ్సిపెట్టినవ్ బిడ్డా?" అని అడగండి. జవాబు దొరికితే మీ ఇంట్లో ఒకరు సంగీతం కడుతున్నారన్నమాట. "ఏమో, అట్లనే మంచిగనిపించింది" అన్నా నష్టం లేదు. నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. అమ్మానాన్నలకు సంగీతం రానక్కర్లేదు, ఖాళీ కనబడితే చాలు.

యంత్రం చేతికొస్తే పిల్లలకు స్వంత బుర్ర పనిచేయదని కొందరి భయం. ఆ భయానికి జవాబు ఈ యంత్రాల కథలోనే ఉంది. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం తెచ్చింది. కింది అంచున 16 మీటలు, ఇప్పుడు ఫోన్ తెరల మీద కనిపించే వరుస అదే. దాని చప్పుళ్లు అసలు డ్రమ్ములా లేవని చాలామంది పెదవి విరిచారు. 1983లో తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ యంత్రం మీదే అమెరికాలో హిప్-హాప్ కుర్రాళ్లు తమ పాట కట్టుకున్నారు. మన దేశంలో చూస్తే, బొంబాయి సినిమా రికార్డింగుల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఈ 808నీ, టీబీ-303 అనే బేస్ యంత్రాన్నీ తీసుకుని పది రాగాలను డిస్కో తాళం మీద రికార్డు చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు మాత్రం, చికాగోలో యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం పుట్టకముందే ఆ పోకడ బొంబాయిలో వినిపించిందా అని పాశ్చాత్య శ్రోతలు ముక్కున వేలేసుకున్నారు. ఆ రాగాలు 808లో లేవు, ఆయన చెవిలో ఉన్నాయి. యంత్రం ఇచ్చింది గడులు మాత్రమే.

మరి మీ పిల్లల చెవిలో ఏముంది? మీరు చేయగల సాయం ఇక్కడే ఉంది.

యంత్రం తెరిస్తే 16 గడులు వస్తాయి, ఎందుకంటే అది నాలుగు దెబ్బల పాశ్చాత్య లెక్కకు కట్టింది. వరుస పొడవు తగ్గించే వీలు చాలా వాటిలో ఉంటుంది. పద్నాలుగుకు తగ్గిస్తే మిశ్రచాపు ఏడు కూర్చుంటుంది, పదికి తగ్గిస్తే ఖండచాపు ఐదు. ఒక వరుసను ఏడు గడులతో, పక్క వరుసను ఎనిమిదితో వదిలితే రెండూ విడిపోయి, 56 గడులు నడిచాక గానీ ఒకేసారి మొదటికి రావు. ఆరో తరగతి క.సా.గు. చెవికి వినబడుతుంది. (ఇది చెప్పి లెక్కల్లో మార్కులు పెరుగుతాయని ఆశ పెట్టను. సంగీతాన్ని మార్కులకు పనికొస్తుందని అమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.)

అంతకన్నా మంచి పాఠం మీ ఊళ్లోనే ఉంది. డప్పు కొట్టే పెద్దమనిషి దగ్గరికి ఒక పూట తీసుకెళ్లండి. ఒక చేతిలో పొట్టి చిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. తెర మీద చిర్రకు ఒక వరుస, పుల్లకు ఒక వరుస పెట్టి ఆయన దరువును గడుల్లోకి దింపమనండి. సగం దిగుతుంది, సగం దిగదు. దెబ్బలన్నీ ఒకే బరువుతో పడవనీ, కొన్ని గడికి ఒక వెంట్రుకవాసి వెనక పడతాయనీ అప్పుడు తెలుస్తుంది. దెబ్బ బరువు మార్చే మీట, స్వింగ్ అనే మీట యంత్రంలో ఎందుకున్నాయో పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. ఒక్క మాట: అడగకుండా రికార్డు చేయొద్దు, ఆయన సమయానికి ఇవ్వాల్సింది ఇవ్వండి. అది ఆయన బతుకుదెరువు.

ఇంటి చప్పుళ్లూ వాడుకోవచ్చు. బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు హై-హ్యాట్ గడుల్లో అద్భుతంగా ఇముడుతుంది. పాలిష్ డ్రమ్ములో పసుపు తిరిగే గరగర, ఎండిన పసుపు కొమ్ముల రాశి మీద పారతో లాగిన చప్పుడు ఫోన్‌లో పట్టి గడుల్లో పెడితే, లక్షమంది వాడే అవే చప్పుళ్ల మధ్య మీ పిల్లవాడిది ఒకటి వేరుగా వినబడుతుంది. పాత సినిమా పాట ముక్కనో, డైలాగునో కోసి పెట్టడం మాత్రం ఇంట్లో ఆడుకోవడం వరకే. యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు అడుగుతాడు, అడగడం న్యాయమే.

ఈ పిల్లలందరికీ ఒక జబ్బుంది: చుట్టు కడతారు, పాట పూర్తి చేయరు. రెండు సెకన్ల ముక్కలు ఫోన్‌లో వంద పడి ఉంటాయి. ఆదివారం నాడు ఒక్క నిమిషం పాట వినిపించమని అడగండి. ఆ వేగంలో నిమిషమంటే 30 చుట్లు. ముప్పైసార్లు అదే వస్తే ఎవరు వింటారు? నాలుగైదు రకాల చుట్లు కట్టాలి, ఎప్పుడు ఏది రావాలో పేర్చాలి, ఎక్కడో ఒకచోట అన్నీ ఆపి ఒక్క తాళం వదలాలి. పని అంటే ఇదే. మీరు చేయాల్సింది ఆ నిమిషం ఫోన్ పక్కన పెట్టి చివరిదాకా వినడం.

వేలు పోసి మీటల పలక కొనమని మారాం చేస్తే తొందరపడకండి. బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఫోన్‌లో ఉచితం. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని సాంగ్ మేకర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పాత కంప్యూటర్ ఉంటే హైడ్రోజన్, ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచిత నమూనాలో దాచిన పనిని మళ్లీ తెరవలేరు, కొనాల్సిందే. దొంగ కాపీతో వైరస్ కూడా రావచ్చు. ఆర్కెస్ట్రాల్లో చూసే ఆక్టోప్యాడ్ వేరు, అది పుల్లలతో వాయించేది. మీ పిల్లవాడికి కావాల్సింది ఏదో అడిగి తెలుసుకోండి. పూర్తయిన పాటలు నాలుగైదు చేతికొచ్చాక పలక సంగతి ఆలోచించవచ్చు. ముందుగా కొనాల్సింది వైరున్న ఇయర్‌ఫోన్. బ్లూటూత్‌లో నొక్కినదానికీ వినబడేదానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, తాళం పట్టుబడదు.

చెవుల విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. పిల్లలకు వారానికి 40 గంటల దాకా 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పెద్దలకు అది 80. ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూడా పక్కనున్న మీ మాట వినగలగాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదన్నది 2000 నాటి నిబంధన. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడా. వినాయక నిమజ్జనానికి పాట కట్టిమ్మని ఎవరైనా అడిగితే కట్టివ్వనివ్వండి, డీజే పెట్టెల ముందు రాత్రంతా నిలబడనివ్వకండి.

పరీక్షల నెలలో సమయం తగ్గించండి. ఎంతన్నది పిల్లవాడితోనే చెప్పించండి, మాట తప్పితే ఫోన్ తీసి దాచండి. కోపంలో యాప్ తీసేయడం, ఫైళ్లు చెరపడం మాత్రం వద్దు. నెలల పని ఒక్క వేలితో పోతుంది, మీ మీద నమ్మకం కూడా దానితోనే పోతుంది.

ఆర్మూర్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో నాయిన దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటాడు. ఫోన్‌లో "చదువుతున్నవా?" తర్వాత మాట దొరకదు. గడుల్లో పెట్టుకోవడానికి అక్కడి పని చోటు చప్పుళ్లు పది సెకన్లు పంపమనండి: క్రేను తిరిగేది, గిన్నెలు పేర్చేది, క్యాంపులో కూలర్. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే చప్పుడు నాసిరకంగా వస్తుంది. ఫోన్ రికార్డర్‌లో పట్టి, ఆ ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.