గాలికుంటు సోకిన కొట్టమును శుద్ధిచేయు విధము

గాలికుంటు సోకినచో ఎద్దు దుక్కికిని, గేదె పాడికిని కొఱగాకపోవును. దీనికి మూలమగు వైరసు చొంగతో వెడలి తొట్లను, నేలను అంటియుండును. పలువురు ఫినైలు చల్లి తృప్తిపడుదురు. అది ఈ వైరసునకు చాలదు. క్షారమున కిది తాళజాలదు.

కొట్టమున మొదట పేడ, కసవు తీసి కడుగవలెను. మురికి యున్నచో మందు బలము దానియందే వ్యయమగును. పిమ్మట లీటరు నీట 40 గ్రాముల బట్టలసోడా కరగించి చల్లి, అరగంట వఱకు తడి యాఱనీయరాదు.

గిట్టల పుండ్లయందు వేఱు క్రిములు చేరి చీము పుట్టించును. ఆ పుండ్లను లీటరునకు 1 గ్రాము పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో కడుగుడు. సోడానీరు పుండ్లకు తగదు. కొట్టమునకు వాడు మందు వేఱు, పుండునకు వాడు మందు వేఱు. రెంటికిని మించినది ఆఱు నెలల కొకమారు వేయించు టీకా.