గబ్బిలముల సహజీవనము

గబ్బిలము రెక్కలు గలదైనను పక్షి కాదు. పిల్లలకు పాలిచ్చి పెంచు జంతువు. ప్రపంచమున 1,400కు పైగా గబ్బిలపు జాతులు గలవు. మన దేశమున సుమారు 130 జాతులున్నవి. ఇన్ని జాతులు ఒకే రాత్రివేళ కలహింపక ఎట్లు బ్రదుకుచున్నవి? ఆహారమును పంచుకొనుటయే అందలి రహస్యము.

మఱ్ఱిచెట్లపై తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలములు పండ్లను తిని, విత్తనములను దూరదూరముగా వెదజల్లును. కొన్ని జాతులు పూదేనెను గ్రోలుచు పుప్పొడిని చెట్టునుండి చెట్టునకు చేర్చును. కీటకములను తినునవి మన చెవికందని ధ్వనులు చేసి, వాని ప్రతిధ్వనులచే చీకటిలో ఎరను కనుగొనును. వానిలో కొన్ని చెట్లకు మీదుగను, కొన్ని పొదల నడుమను వేటాడును. కప్పలను, ఎలుకలను పట్టు జాతియు నొకటి గలదు.

ఆహారము వేఱైనను పలు జాతులకు ఆశ్రయమొక్కటే కావచ్చును. అది చెడినచో అన్నిటికిని కీడు కలుగును. కర్ణాటకలోని కోలారు జిల్లాలో హనుమనహళ్ళి గుహ యిట్టిదే. శాస్త్రజ్ఞులు 1994లో పేరిడిన కోలారు ఆకుముక్కు గబ్బిలము నేడు అచ్చటనే, ఇతర జాతులతో గూడి, నివసించుచున్నది, మఱెచ్చటను కానరాదు. ఆ ప్రాంతమున రాతికొఱకు కొండలను పగులగొట్టుటచే దాని మనుగడకే ముప్పు వాటిల్లినది. ఆడ గబ్బిలము సాధారణముగ ఏటికొక్క పిల్లనే కనును. కావున తఱిగిన సంఖ్య త్వరగా పెరుగదు.

బాలలారా! గబ్బిలమును అపశకునమని తఱుముట తగదు. రాత్రివేళ అది చేయు పనిని పగలు చేయగలవారెవరు?