ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు



మీ వీధిలో ఒక ఇంటిని గుర్తు చేసుకోండి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. భార్య పోయి రెండేళ్ళయింది. ఆ పెద్దాయన పొద్దున్నే పాల ప్యాకెట్ తీసుకుని తలుపేసుకుంటే మళ్ళీ సాయంత్రం దాకా ఆ తలుపు తెరుచుకోదు. లోపల టీవీ మాత్రం మోగుతూ ఉంటుంది. ఆయనకు తిండికి లోటు లేదు, మాట్లాడే మనిషే లేడు. "పోనీలెండి, ఈ వయసులో ప్రశాంతంగా ఉన్నారు. బుద్ధుడు కూడా ఏకాంతమే మంచిదన్నాడు కదా!" అని మనం సర్దిచెప్పుకుంటాం. ఇది పొరపాటు. ఈ పాఠంలో ముందు దాన్ని సరిదిద్దుకుందాం.

భగవానుడు మెచ్చిన ఏకాంతాన్ని పాళీలో 'వివేక' అంటారు. తెలుగులో మనం వాడే వివేకం అర్థం వేరు. అది మనిషి తెలిసి, కోరి ఎంచుకున్నది. అడవిలో ఒక్కడే ధ్యానం చేసిన భిక్షువు కూడా పక్షానికోసారి ఉపోసథం నాడు సంఘంతో కలిసేవాడు. ఒంటరితనం అలాంటిది కాదు. ఎవరూ కోరుకోకుండానే వచ్చి మీద పడుతుంది. అందులో మనసు నిలవదు, పాత బాధల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అది సాధన కాదు, దుఃఖం.

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. భగవానుడు ఆనందుడితో కలిసి స్వయంగా ఆయన్ని కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత భిక్షువులను పిలిచి, మీకు ఇక్కడ అమ్మా నాన్నా లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. పిల్లలు దూరాన ఉన్న ప్రతి పెద్దవారి విషయంలోనూ ఆ ప్రశ్న ఇవాళ మనల్నే అడుగుతోంది.

మరి మనం ఏం చెయ్యగలం? ఒక చిన్న పని ఉంది. వాళ్ళతో కలిసి చెట్ల కింద నడవడం.

నడకను భగవానుడు సాధనలో భాగం చేశాడు. దాన్నే చంక్రమణం అంటాం. అంగుత్తర నికాయంలో దానికి ఐదు ఫలితాలు చెప్పారు: దూరం నడిచే ఓపిక వస్తుంది, శ్రమించే శక్తి వస్తుంది, ఆరోగ్యం బాగుంటుంది, తిన్నది అరుగుతుంది, నడుస్తూ కుదిరిన సమాధి ఎక్కువసేపు నిలుస్తుంది. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని పెద్దలకు ఇంతకంటే అనువైన ధ్యానం ఏముంది?

ఇలా మొదలుపెట్టండి.

1. ఇంటికి వెళ్ళి పిలవండి. ఫోనులో మెసేజ్ పెడితే చాలదు. "నాకెందుకమ్మా, నాకు ఓపిక లేదు" అంటారు. వాదించకండి. "సరే బాబాయిగారూ, గేటు దాకా రండి చాలు" అనండి. రేపు మళ్ళీ వెళ్ళండి. నిజానికి నడక మొదలయ్యేది ఆ గుమ్మం దగ్గరే.

2. ఎండ ముదరకముందే బయల్దేరండి. ఐదారుగురు చాలు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారే ముందు నడవాలి, మిగతావాళ్ళు వాళ్ళ వెనకే. మధ్యలో కూర్చోవడానికి అరుగో బెంచీయో ఉన్న దారి చూసుకోండి. మంచినీళ్ళు, షుగర్ ఉన్నవారి కోసం కాస్త పంచదార దగ్గరుంచుకోండి. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

3. సగం దూరం మౌనంగా, సగం దూరం మాటలతో నడవండి. మౌనంలో పాదం నేలను తాకడం, వేపగాలి, గోరింకల అరుపు గమనించమనండి. అంతే, వేరే బోధ అక్కర్లేదు. ఇక్కడ ఏకాంతమూ ఉంది, తోడూ ఉంది. మాటల వేళ వాళ్ళను చెప్పనివ్వండి, మీరు వినండి.

4. ఎవరైనా రాకపోతే ఆ పూటే వెళ్ళి చూడండి. స్నానాల గదిలో జారిపడిన మనిషి కోసం సాయంత్రం దాకా ఎవరూ రాకపోవడం ఎంత ఘోరమో ఆలోచించండి. ఆరింటికి ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటే, ఆరున్నరకల్లా ఎవరో ఒకరు ఆ తలుపు తడతారు.

నెలకోసారి కాస్త దూరం వెళ్ళండి. విశాఖ వాళ్ళయితే భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. కింద సముద్రం, పైన ఒకప్పుడు భిక్షువులు నివసించిన విహారాల పునాదులు, వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. మీ ఊళ్ళో అలాంటిది లేకపోతే చెరువుగట్టు మీద రావిచెట్టు చాలు. చలికాలం పోయే రోజుల్లో ఆ చెట్టు ఆకులన్నీ రాల్చి, ఎర్రని చిగురు తొడుగుతుంది. దాని కింద నిలబడ్డ పెద్దవారికి అనిత్యం గురించి మనం చెప్పాల్సింది ఏమీ ఉండదు. ఒక్కోసారి వాళ్ళే మనకు చెప్తారు.

ఇంకొక మాట. దీన్ని దానంగా, వాళ్ళకు చేస్తున్న ఉపకారంగా అనుకోకండి. జర మనకూ వస్తుంది. వాళ్ళ అడుగుకు మన అడుగు కలపడం నేర్చుకుంటే మన తొందర తగ్గుతుంది, మైత్రి మాటల్లోంచి కాళ్ళలోకి దిగుతుంది. కల్యాణమిత్రత సగం సాధన అని ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు, సాధన మొత్తం అదేనని భగవానుడు సరిదిద్దాడు.

ఆలోచించండి:
• మీ వీధిలో వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడని పెద్దవారు ఎవరు?
• రేపు పొద్దున ఆ తలుపు తట్టకుండా మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటి?

సకల జీవులూ సుఖంగా ఉండుగాక. సాధు! సాధు! సాధు!