నీడ చెప్పిన తీర్పు

మన పంచాంగంలో సుమారు రెండున్నర, మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుందని మీకు తెలుసు. చైనావారి పంచాంగంలోనూ ఇటువంటి అదనపు నెల ఉంది. ఆ దేశంలో పంచాంగం ప్రకటించే అధికారం చక్రవర్తిది. అందులో తప్పు దొర్లితే ఆయన ప్రతిష్ఠకే భంగమని భావించేవారు. అందువలన పంచాంగాన్ని ఎవరు గుణించాలన్న తగాదా 17వ శతాబ్దంలో ప్రాణాలమీదికి తెచ్చింది. ఆ తగాదాను చివరకు తేల్చింది ఒక స్తంభపు నీడ! ఆ కథలోని ముఖ్య వ్యక్తి ఫెర్డినాండ్ వెర్బీస్ట్.

చెరసాల నుండి

వెర్బీస్ట్ 1623లో, నేటి బెల్జియంలోని పిట్టెమ్ అనే ఊళ్ళో జన్మించాడు. 1641లో కాథలిక్ గురువుల సంస్థ అయిన యేసు సభలో చేరాడు. మత ప్రచారం కోసం 1658లో మకావు రేవులో దిగాడు. 1660లో ఆయనను పెకింగ్ (నేటి బీజింగ్) నగరానికి పిలిపించారు. అక్కడ రాజాస్థానంలో పంచాంగ శాఖకు అధిపతిగా ఉన్న ఆడమ్ షాల్ అనే వృద్ధ జర్మన్ మతగురువుకు సహాయకుడుగా ఉండడం ఆయన పని.

1661లో చక్రవర్తి మశూచితో మరణించాడు. కొత్త చక్రవర్తి కాంగ్‌షీకి అప్పటికి ఏడేళ్ళు కూడా నిండలేదు. నలుగురు పెద్దలు ఆయన పేర పాలన సాగించారు. ఇదే అదననుకొని యాంగ్ గువాంగ్‌షియన్ అనే పండితుడు 1664లో విదేశీయులపై నేరాలు మోపాడు. వారి లెక్కలు తప్పులనీ, వారు రాజద్రోహులనీ అతని ఆరోపణ. షాల్ అప్పటికే పక్షవాతంతో మాట పడిపోయి ఉన్నాడు. ఆయన తరపున విచారణలో వెర్బీస్టే సమాధానాలు చెప్పాడు. అయినా 1665లో షాల్‌కు మరణశిక్ష పడింది. అంతలో పెకింగులో భూకంపం వచ్చింది. దానిని దైవాగ్రహంగా తలచి, పాలకులు షాల్ శిక్షను రద్దు చేశారు. కాని ఆయనతో పనిచేసిన అయిదుగురు చైనా ఖగోళజ్ఞులకు శిరచ్ఛేదం తప్పలేదు. షాల్ మరుసటి సంవత్సరం కన్నుమూశాడు. పంచాంగ శాఖ యాంగ్ చేతిలోకి వెళ్ళింది.

అదనపు నెల ఎక్కడ?

యాంగ్ సహాయకుడు వూ మింగ్‌షువాన్ 1669వ సంవత్సరపు పంచాంగం తయారుచేసి, పన్నెండవ నెల తరువాత ఒక అధికమాసం చేర్చాడు. వెర్బీస్ట్ అది తప్పన్నాడు. అధికమాసం రావలసింది 1670లో, రెండవ నెల తరువాత అని ఆయన లెక్క.

ఈ తేడా ఎందుకు వచ్చింది? చాంద్రమాసానికి సుమారు 29½ రోజులు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు. సౌర సంవత్సరంకన్న 11 రోజులు తక్కువ. ఈ లోటు పూడ్చడానికి, సూర్యుడు కొత్త రాశిలో ప్రవేశించని చాంద్రమాసాన్ని అధికమాసంగా లెక్కిస్తారు. సూత్రం ఇరుపక్షాలకూ ఒక్కటే. అయితే పాత చైనా పద్ధతిలో సంవత్సరాన్ని పన్నెండు సమభాగాలు చేసి, ఒక్కొక్క రాశికి 30 రోజులకు పైచిలుకు ఇచ్చేవారు. నిజానికి భూమి జనవరి మొదట్లో సూర్యునికి దగ్గరగా వచ్చి వేగంగా తిరుగుతుంది. కనుక చలికాలంలో సూర్యుడు ఒక రాశిని దాటడానికి దాదాపు 29½ రోజులే పడుతుంది. చాంద్రమాసమూ అంతే! అందువలన ఆ రోజుల్లో సూర్యప్రవేశం లేని నెల దొరకడం చాలా అరుదు. మన పంచాంగంలో కూడా పుష్యమాసం అధికం కావడం సాధారణంగా చూడం.

మూడు మధ్యాహ్నాలు

1668 డిసెంబరులో ఈ వివాదం కాంగ్‌షీ ముందుకు వచ్చింది. అప్పటికాయన వయస్సు పధ్నాలుగేళ్ళు. అంటే మీ ఈడువాడే! ఎవరి మాట నమ్మాలి? వెర్బీస్ట్ ఒక ఉపాయం చెప్పాడు. నిటారుగా నిలిపిన స్తంభం నీడ మధ్యాహ్నం ఎంత పొడవుంటుందో ముందుగానే చెప్పాలి. నీడ పొడవు సూర్యుని ఎత్తును బట్టి, ఆ ఎత్తు ఆనాటి సూర్యుని స్థానాన్ని బట్టి ఉంటుంది. కనుక నీడను ముందుగా చెప్పగలవాడికే సూర్యుని స్థానం తెలిసినట్లు.

యాంగ్, వూలు ఆ లెక్క కట్టలేకపోయారు. వెర్బీస్ట్ కట్టాడు. మంత్రులు చూస్తుండగా వరుసగా మూడు రోజులు పరీక్ష జరిగింది. మూడు రోజులూ నీడ ఆయన గీసిన గీత మీదికే వచ్చింది. 1669 ఫిబ్రవరిలో చంద్రుడు, కుజుడు, గురువుల స్థానాలతోనూ పరీక్షించారు. అప్పుడూ వెర్బీస్ట్ లెక్కే నిలిచింది. పంచాంగ శాఖ ఆయనకు అప్పగించారు. అప్పటికే ప్రకటించిన అధికమాసాన్ని కూడా తొలగించారు. ఈసారి మరణశిక్ష యాంగ్‌కు పడింది. వృద్ధుడన్న కారణంతో చక్రవర్తి దానిని రద్దుచేశాడు.

ఆనాడు మంత్రులలో ఒక్కరికి కూడా ఆ లెక్క అర్థం కాలేదని కాంగ్‌షీ గమనించాడు. తనకే తెలియకపోతే తప్పొప్పులు ఎలా నిర్ణయించగలనని ఆలోచించి, స్వయంగా గణితం నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నాడు. వెర్బీస్ట్ ఆయనకు రేఖాగణితం, ఖగోళశాస్త్రం బోధించాడు.

కంచు పరికరాలు, ఆవిరి బండి

1669–1673 మధ్య వెర్బీస్ట్ పెకింగ్ వేధశాలకు ఆరు పెద్ద కంచు పరికరాలు చేయించాడు. నక్షత్రాల గోళం, ఎత్తును కొలిచే వృత్తపాదం వాటిలో కొన్ని. 1672 ప్రాంతంలో సుమారు రెండడుగుల బొమ్మబండిని కూడా తయారుచేశాడు. నిప్పుల మీది పాత్ర నుండి చిమ్మే ఆవిరి ఒక చక్రం రెక్కలను తాకి బండిని నడిపించేది. చక్రవర్తి ఆజ్ఞపై తిరుగుబాటుదారులతో యుద్ధానికి ఫిరంగులు కూడా పోత పోయించాడు.

ఆయన శాస్త్రానికి పరిమితులూ ఉన్నాయి. ఐరోపాలో కొలత పరికరాలకు దూరదర్శినులు అమర్చడం అప్పుడే మొదలయింది. ఆయన పరికరాలలో అవి లేవు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న సిద్ధాంతాన్ని చర్చి 1616లో నిషేధించడం వలన, భూమిని కేంద్రంగా ఉంచిన టైకో బ్రాహి పద్ధతినే ఆయన అనుసరించాడు. అయినా నీడ లెక్క తప్పలేదు. కొలతలు శ్రద్ధగా తీసినవి కావడమే దానికి కారణం.

వెర్బీస్ట్ 1688 జనవరిలో పెకింగులోనే మరణించాడు. 1900లో విదేశీ సైన్యాలు నగరంలో ప్రవేశించిన తరువాత వేధశాల పరికరాలను ఎత్తుకుపోయాయి. జర్మనీకి తరలించినవి 1921లో తిరిగి వచ్చాయి. ఆయన ఆరు పరికరాలనూ నేటికీ అక్కడ చూడవచ్చు.

మీరూ చేసి చూడండి

డిసెంబరు చివర ఒక మీటరు కర్రను నిటారుగా నిలపండి. నీడ అన్నిటికన్న పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. 90 డిగ్రీల నుండి మీ ఊరి అక్షాంశాన్ని, 23½ డిగ్రీలను తీసివేస్తే సూర్యుని ఎత్తు వస్తుంది. హైదరాబాదులో అది సుమారు 49 డిగ్రీలు. నీడ దాదాపు 86 సెంటీమీటర్లు ఉండాలి. బీజింగులో అయితే ఇంచుమించు రెండు మీటర్లు! ముందు లెక్క రాసి పెట్టుకొని, తరువాత కొలిచి చూడండి.