శాలువాల కన్నా ముందు పేర్ల పట్టీ

అనంతపురం

పాపా,

నీ ఉత్తరం అందింది. జూనియర్ బాలికల జిల్లా సెలక్షన్స్ రోజునే మన సాఫ్ట్‌బాల్ పెద్దలకు సన్మానం పెట్టుకున్నారని చదివి చాలా సంతోషపడ్డాను. సంఘం పని నెత్తికెత్తుకున్న మొదటి ఏడాదే నీకీ ఆలోచన రావడం మంచి లక్షణం. ఎవరెవర్ని పిలవాలో, ఎట్లా జరపాలో రాయమన్నావు. రాస్తాను. కానీ నువ్వు పంపిన పేర్ల పట్టీ చూశాక ముందు దాని గురించే మాట్లాడాలనిపించింది.

అందులో ఉన్నవాళ్లలో ఎవరినీ తీసెయ్యమనను. పాత అధ్యక్షులు, యూనిఫాంలకు డబ్బిచ్చిన దాతలు, నేషనల్స్ ఆడి పోలీసు శాఖలోనూ రైల్వేలోనూ ఉద్యోగాలు తెచ్చుకున్న ఆటగాళ్లు, అందరూ అర్హులే. అయితే వీళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు గ్రూప్ ఫొటోలో పడ్డవాళ్లు. ఆ ఫొటో తీస్తున్నప్పుడు పక్కన నిలబడి పిల్లల బూట్లూ సంచులూ చూసుకున్నవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఈ జిల్లాలో మన ఆట ఇన్నేళ్లు నిలిచిందంటే సగం పుణ్యం వాళ్లది.

క్రికెట్‌ను ఎవరూ కనిపెట్టుకుని ఉండనక్కర్లేదు, ప్రతి వీధిలోనూ దాని బతుకు అది బతుకుతుంది. సాఫ్ట్‌బాల్‌కు ఆ భాగ్యం లేదు. ఊళ్లో అంగట్లో స్లగ్గర్ బ్యాటు దొరకదు, గ్లవ్స్ దొరకవు, టీవీ పెడితే మ్యాచ్ కనపడదు. ఒక హైస్కూల్లో పీఈటీకి బదిలీ అయితే మరుసటేటికి ఆ బడిలో ఆటే ఉండదు. ఇట్లాంటి ఆట జీతం లేని మనుషుల మీద నడుస్తుంది. మా రోజుల్లో బంతి కుట్లు విడిపోతే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన దారానికి మైనం పట్టించి మళ్లీ గట్టిగా కుట్టిచ్చేవాడు. డబ్బులివ్వబోతే “ఆడపిల్లలు ఆడుకునేది కదా సారూ” అని చేయి అడ్డం పెట్టేవాడు. ఆటలో ఒక్క రూలూ ఆయనకు తెలీదు. నన్నడిగితే ఆయన పేరు నీ పట్టీలో ఉండాల్సిందే.

ఇక స్కోరర్ సంగతి. స్కోర్‌షీట్ రాయడం ఎంత పనో ఆడినదానివి, నీకు కొంత తెలుసు. పిచ్చర్ ఒకటి, క్యాచర్ రెండు, బేస్‌ల దగ్గరివాళ్లు మూడు, నాలుగు, ఐదు, షార్ట్‌స్టాప్ ఆరు, వెనక ముగ్గురూ ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక గడిలో 6-4-3 అని కనిపిస్తే చాలు, షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్ అమ్మాయికి విసిరింది, ఆమె మొదటి బేస్‌కు విసిరింది, ఇద్దరు అవుటయ్యారని ముప్పై ఏళ్ల తర్వాత చదివినా తెలుస్తుంది. ఏడు ఇన్నింగ్స్ ఎండలో కూర్చుని, నీళ్లు తాగడానికి కూడా తల ఎత్తకుండా రాస్తేనే అది సాధ్యం. మన స్కోరర్ సారు నీ పట్టీలో లేడు. మ్యాచ్ అయ్యాక అందరూ గెలిచిన జట్టు చుట్టూ చేరేవాళ్లు. ఆయన మాత్రం చెట్టు కింద రెండు జట్ల షీట్లూ సరిచూసుకుని, కెప్టెన్ల సంతకాలు తీసుకుని, ఫైల్లో పెట్టుకుని ఇంటికి పోయేవాడు.

ఆ ఫైళ్లు ఎవరికి పనికొచ్చాయో చెబుతాను విను. పల్లె నుంచి వచ్చి ఆడిన ఒకమ్మాయికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమయ్యే వేళ సర్టిఫికెట్ మీది ఇంటిపేరుకూ పదో తరగతి మార్కుల జాబితాలోని ఇంటిపేరుకూ తేడా వచ్చింది. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడినవాళ్లకు ఫారం-2, యూనివర్సిటీల పోటీలకు ఫారం-3, స్కూలు నేషనల్స్‌కు ఫారం-4 అని కోటా నిబంధనల్లో ఉంటుంది కదా. ఆ ఫారం ఇచ్చినంత మాత్రాన చాలదు, ఆ అమ్మాయే ఆడిందని రుజువు కావాలన్నారు. అప్పటి ఆఫీసు బేరర్లు మారిపోయారు, సంఘం బీరువాలో కాగితం ముక్క లేదు. మన సారు ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి ఆ ఏటి టీమ్ లిస్టూ స్కోర్‌షీట్లూ బయటికి తీశాడు. ఆ అమ్మాయి ఆ ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు తమ్ముళ్లను చదివించింది. ఆ ట్రంకు పెట్టె కన్నా పెద్ద ట్రోఫీ మన జిల్లా సాఫ్ట్‌బాల్ గెలిచిందని నేననుకోను.

అంపైర్లను కూడా మరిచారు. ఆడవాళ్ల ఆటలో పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్ 43 అడుగులే. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో చేయి తిప్పి వేసిన బంతి అర సెకను కూడా పట్టకుండా వచ్చేస్తుంది. ఆ కాస్త సమయంలో అది ప్లేట్ మీదుగా వెళ్లిందా, మోకాళ్ల కన్నా కింద పోయిందా చూసి చెప్పాలి. తప్పు చెబితే తిట్లు, ఒప్పు చెప్పినా ఓడిన జట్టు తిట్లే. సొంతూరి జట్టు మీద అవుట్ ఇచ్చి, ఆ సాయంత్రం అదే ఊరికి బస్సెక్కి పోయిన అంపైర్లు మనకున్నారు. ఆ ధైర్యాన్ని పదిమందిలో చెప్పకపోతే రేపు ఏ కుర్రవాడూ అంపైరింగ్ పరీక్షకు కూర్చోడు.

ఇంకొకరున్నారు. మన అమ్మాయిలు ఏ రాష్ట్రానికి ఆడబోయినా వెంట ఒక మహిళా మేనేజర్ ఉండాలి. ఆ రోజుల్లో ఆ బాధ్యత తీసుకునేందుకు ఎవరూ ముందుకు వచ్చేవాళ్లు కాదు. ఒక టీచరమ్మ వచ్చింది. రిజర్వేషన్ దొరకని రైల్లో పిల్లలందరినీ కిటికీ వైపు కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర రాత్రంతా మేలుకుని ఉండేది. ఎవరికైనా నెలసరి వస్తే, జ్వరం వస్తే, ఇంటి మీద బెంగతో ఏడిస్తే ఆమె ఒళ్లే దిక్కు. తన చంటిబిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చేదని మాకు చాలా కాలం తెలీదు. ఆమె పేరు ఏ స్కోర్‌షీట్‌లోనూ ఉండదు, ఏ ఫారం మీదా ఉండదు. “ఆ టీచరమ్మ వస్తుందంటేనే పంపుతాం” అని తల్లిదండ్రులు అన్నందుకే ఆ పిల్లలు నేషనల్స్ చూశారు. నీ వయసు అమ్మాయిల్లో ఎంతమంది ఆమె వల్ల ఆడారో కనుక్కో. పట్టీలో మొదటి పేరు ఆమెది కావాలని నా కోరిక.

ఇది నా ఒక్కడి ఊహ కాదు పాపా. ఈ ఆట పుట్టిన అమెరికాలో ఔత్సాహిక సాఫ్ట్‌బాల్ సంఘం 1933లో ఏర్పడింది. 1957లో వాళ్లు జాతీయ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టారు. అందులో గొప్ప ఆటగాళ్లతో పాటు అంపైర్లకూ, జట్టు మేనేజర్లకూ, స్థానిక సంఘాలు నడిపిన కమిషనర్లకూ, స్పాన్సర్లకూ, విశేష సేవ చేసినవాళ్లకూ వేరు వేరు విభాగాలున్నాయి. అక్కడ చాలా రాష్ట్ర సంఘాలూ నగర సంఘాలూ తమ తమ పరిధిలో అట్లాంటి గౌరవ పట్టీలే పెట్టుకున్నాయి. ఆ జాతీయ హాల్ ఓక్లహోమా సిటీలో ఉంది. 1996లో ఒలింపిక్స్‌లో చేరి, 2008 తర్వాత తీసేయగా టోక్యోలో ఒకసారి తిరిగొచ్చిన ఆట, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మళ్లీ ఉంది. ఆ సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు జరిగేది ఓక్లహోమా సిటీలో ఆ హాల్ ఉన్న ప్రాంగణంలోనే. మన పిల్లలకు ఈ మాట చెప్పు, కళ్లు మెరుస్తాయి.

1887లో చికాగోలోని ఒక పడవల క్లబ్బులో బాక్సింగ్ గ్లవ్‌ను బంతిలా కట్టి చీపురు కర్రతో కొట్టి ఆడారనీ, జార్జ్ హాన్‌కాక్ దానికి రూల్స్ రాశాడనీ, 1895లో మినియాపొలిస్ ఫైర్ స్టేషన్లో లూయిస్ రోబర్ తన సిబ్బందితో ఆడించాడనీ మనకెట్లా తెలుసు? ఎవరో రాసిపెట్టారు కాబట్టి. మన దేశంలో 1961లో జోధ్‌పూర్‌లో దశరథ్ మల్ మెహతా ఈ ఆటకు సంఘం పెట్టాడని కూడా అందుకే తెలుసు. మన జిల్లాలో మొదటి బంతి ఎవరు తెచ్చారో, మొదటి అమ్మాయిల జట్టు ఏ బడిదో నీ తోటివాళ్లను అడిగి చూడు. ఇద్దరు కూడా ఒకే జవాబు చెప్పరు.

కాబట్టి నా మొదటి సలహా ఇది. ఒక్కొక్కరి గురించి ఒక పేజీ రాయించు. ఏ ఊరు, ఏ బడి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పని చేశారు, వాళ్ల దగ్గర ఎవరు నేర్చుకున్నారు. “నిస్వార్థ సేవకులు”, “క్రీడాభిమానులు” లాంటి మాటలు రాయనివ్వద్దు, ఆ మాటలు ఎవరికైనా అతుకుతాయి. “పన్నెండేళ్లు ప్రతి సెలక్షన్‌కూ తెల్లవారకముందే వచ్చి గ్రౌండుకు సున్నం గీతలు గీశాడు” అని రాస్తే అది ఆ మనిషికే చెందుతుంది. సన్మానం రోజు ఆ పేజీని వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్ల చేతే చదివించు. ఒక కాపీ వాళ్లకు, ఒకటి సంఘానికి. పోయినవాళ్లకు కూడా పేజీలుండాలి. వాళ్ల భార్యాబిడ్డలను పిలిచి చేతికివ్వు.

జరిపే తీరు గురించి కొంచెమే చెబుతాను. ఉదయం మొదటి మ్యాచ్‌కు ముందే పెట్టుకో. ముఖ్య అతిథి వచ్చేదాకా పెద్దవాళ్లను ఎండలో కూర్చోబెట్టొద్దు, అతిథి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెట్టు. రానుపోను చార్జీలు ముందే పంపు, అడిగించుకోవద్దు. మొదటి బంతి ఆ టీచరమ్మ చేత వేయించు. మెమెంటోల మీద పెట్టే డబ్బు తగ్గించి, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని అంపైర్‌కు వైద్యం ఖర్చులో సాయపడితే మేలు.

రెండు సంగతులు కటువుగా చెప్పాలి. ఒకటి, మన సంఘం మధ్యలో రెండు వర్గాలుగా చీలింది. అవతలి వర్గంలో ఉన్నారని ఎవరినీ వదిలేయొద్దు. ఎంపిక కమిటీలో ఆఫీసు బేరర్లు ఉండకూడదు, పాత ఆటగాళ్లు ముగ్గురు చాలు. రెండోది ఇంకా ముఖ్యం. ఇన్నేళ్లు చేశాడన్న ఒక్క లెక్కతో ఎవరికీ దండ వేయొద్దు. కోచ్‌లు, మేనేజర్లు, ఎవరి పేరు వచ్చినా, వాళ్ల కింద ఆడిన అమ్మాయిలతో నువ్వే ఒంటరిగా కూర్చుని మాట్లాడు. ఎవరైనా ఇబ్బంది పడ్డామని చెబితే ఆ పేరు కొట్టేయి, ఎంత పెద్దవాడైనా సరే, ఎవరు ఫోన్ చేసినా సరే. చెప్పిన అమ్మాయి పేరు మాత్రం నీ నోటి నుంచి బయటికి రాకూడదు. ఆమె ఫిర్యాదు చేస్తానంటే వెంట నిలబడు. ఒక వేదిక మీద అట్లాంటివాడు శాలువా కప్పుకుని కూర్చుంటే, కింద గ్రౌండులో ఉన్న పిల్ల ఇంకెప్పుడూ మనల్ని నమ్మదు.

సన్మానం అయిపోయిన మర్నాడు ఏం చేయాలో కూడా ఆలోచించుకో. స్కోరర్ సారు దగ్గర ఇద్దరు ఇంటర్ పిల్లలను కూర్చోబెట్టి స్కోరింగ్ నేర్పించు. టీచరమ్మ చేత ఇప్పటి మేనేజర్లకు ఒక పూట మాట్లాడించు, ప్రయాణంలో పిల్లలను ఎట్లా చూసుకోవాలో ఆమెకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ల పని ఇంకొకరి చేతికి వెళ్లడమే వాళ్లు కోరుకునేది. వాళ్లతో చాలా కాలం కలిసి నడిచాను కాబట్టి తెలిసి చెబుతున్నాను.

ఒక్క పని మాత్రం సన్మానం దాకా ఆపొద్దు. స్కోరర్ సారుకు కళ్లు మసకబారాయి, ఇల్లు మారుతున్నారట, పాత కాగితాలు అమ్మేద్దామని కొడుకు అంటున్నాడని తెలిసింది. ఈ ఆదివారమే వెళ్లు. పక్కన ఒకరిని తీసుకుపో, ఆ ట్రంకు పెట్టెలోని ప్రతి షీటునూ ఫోన్లో ఫొటో తీయించు, ఆయన ఒప్పుకుంటే పెట్టెను సంఘం ఆఫీసుకు తెప్పించు. వెళ్లొచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న