మంచుకొండ ఎక్కే బూటు బరువెంత ఉండాలి?

వానాకాలంలో నల్లరేగడి చేలో నడిచినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. నాలుగడుగులు వేసేసరికి చెప్పులకు బంకమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఇంకో పది అడుగులు వేస్తే కాళ్ళు పీకుతాయి. అప్పుడేం చేస్తారు? చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటారు. మట్టి విదిలించకపోయినా సరే, నడక తేలికవుతుంది. చెప్పుల బరువు తగ్గలేదు, మోసే మనిషీ మారలేదు. బరువు కాలి నుంచి చేతికి మారింది, అంతే. మరి ఇంత తేడా ఎలా వచ్చింది?

సరిగ్గా ఈ ప్రశ్నతోనే, మనకు ఎంతో దూరాన ఉన్న ఆల్ప్స్ పర్వతాలలో స్కీ పర్వతారోహకులు తలలు పట్టుకుంటారు. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే, దాదాపు మనిషంత పొడవుండే సన్నని పలకలు. మామూలు స్కీ ఆటగాళ్ళు తీగల మీద నడిచే కుర్చీల్లో కూర్చుని కొండపైకి పోయి, కిందికి జారతారు. స్కీ పర్వతారోహకులు అలా కాదు. అవే స్కీలతో తమ కాళ్ళ మీద కొండ ఎక్కి, మళ్ళీ వాటి మీదే దిగుతారు. ఏటవాలు మంచు మీద వెనక్కు జారిపోరా అంటారా? స్కీల అడుగున నూగున్న పట్టీ ఒకటి అంటిస్తారు. పూర్వం సీల్ అనే సముద్రజంతువు చర్మం వాడేవారు, ఇప్పుడు అంగోరా మేక వెంట్రుకలో, నైలానో వాడుతున్నారు. పిల్లి వీపును తల నుంచి తోకకు నిమిరితే నున్నగా ఉంటుంది, తోక నుంచి తలకు నిమిరితే వెంట్రుకలు ఎదురు నిలుస్తాయి. ఇదీ అంతే. స్కీ ముందుకు జారుతుంది కానీ వెనక్కు జారదు. శిఖరం చేరాక పట్టీ ఊడదీసి సంచిలో పెట్టుకుంటారు.

మరి బూటు సంగతి? ఎక్కేటప్పుడు దాని ముందు కొన మాత్రమే స్కీకి తగులుకొని ఉంటుంది, మడమ ప్రతి అడుగుకూ పైకి లేస్తుంది. దిగేటప్పుడు మడమ కూడా స్కీకి బిగిసిపోతుంది. అంటే ఒకే బూటు ఉదయమంతా మేజోడులా మెత్తగా వంగాలి, మధ్యాహ్నానికి ఇనుపగొట్టంలా బిగుసుకోవాలి!

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు స్విట్జర్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కాస్త కుంటుతూ మా ఇంటికి వచ్చాడు. "ఏమైందిరా?" అంటే చెప్పాడు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా తేలికైన బూట్లు, ఒక్కొక్కటి 600 గ్రాములవి, కొన్నాడట. "ఎక్కేటప్పుడు పిట్టలా ఎక్కేశాను మాస్టారూ! దిగేటప్పుడు తడిమంచులో కాళ్ళు నా మాట వినలేదు" అన్నాడు. మలుపు తిరగబోయి పడ్డాడు, మోకాలు బెణికింది. ఇప్పుడు 1,100 గ్రాముల బూట్లు కొందామా అని ఆలోచన. కానీ అదనపు బరువుతో స్నేహితులకన్నా వెనకబడిపోతానేమోనని బెంగ.

నేను మంచు మీద కాలు పెట్టినవాణ్ణి కాను. కానీ లెక్క వేయడానికి మంచు ఎందుకు, నల్లబల్ల చాలదూ?

మనిషి, బట్టలు, స్కీలు, సంచి కలిపి 85 కిలోలు అనుకుందాం. ఎక్కవలసిన ఎత్తు 1,500 మీటర్లు, పట్టే కాలం రెండున్నర గంటలు. గురుత్వాకర్షణకు ఎదురుగా చేసే పని 85 × 9.8 × 1,500, అంటే సుమారు 12 లక్షల 50 వేల జౌళ్ళు. కాలికి 500 గ్రాముల చొప్పున కిలో బరువు పెరిగితే అదనంగా 14,700 జౌళ్ళు. నూటికి ఒకటికి కాస్త పైన, అంతే! మా వాడి ముఖం వెలిగింది. "ఆగు, ఇంకా పూర్తి కాలేదు" అన్నాను.

వీపు మీది సంచి ఇంచుమించు ఒకే వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. పాదం అలా కాదు. అది ఒకసారి ఆగుతుంది, ఒకసారి శరీరం కన్నా వేగంగా ముందుకు పోతుంది, మళ్ళీ ఆగుతుంది. దాని వేగం సెకనుకు 1.5 మీటర్లు అయ్యేసరికి, అరకిలో అదనపు బరువుకు రావలసిన గతిజశక్తి అర జౌలు పైచిలుకు. ఆపేటప్పుడు ఆ శక్తి చాలావరకు వృథా అవుతుంది. పైగా ఆపడానికి కూడా కండరం ఖర్చు పెట్టాలి. కనుక అడుగుకు ఒక జౌలు వేసుకోండి. పదివేల అడుగులకు పదివేల జౌళ్ళు. మొత్తం కలిపి సుమారు 25,000 జౌళ్ళు, అంటే నూటికి రెండు వంతులు. రెండున్నర గంటల్లో మూడు నిమిషాలు.

అయితే మన కండరాలు బడిలెక్కలంత పొదుపుగా పనిచేయవు. 1969లో అమెరికా సైన్య పరిశోధకులు సోల్, గోల్డ్‌మన్ అనేవారు మనుషులను రకరకాల బరువులతో నడిపించి, వారు పీల్చిన ఆక్సిజన్‌ను కొలిచారు. పాదాల మీద మోసే కిలోకు అయ్యే ఖర్చు, ఒంటి బరువులో ఒక కిలోను మోసుకుపోయే ఖర్చుకు నాలుగు నుంచి ఆరు రెట్లు అని తేలింది. నడక వేగం పెరిగితే ఆ రెట్లూ పెరిగాయి. రేగడి చేలో చెప్పుల రహస్యం ఇదే. ఈ లెక్కన మా వాడికి నష్టం తొమ్మిది నిమిషాల దాకా ఉండాలి. కానీ స్కీ మీద పాదాన్ని ఎత్తివేయరు, జరుపుతారు. కాబట్టి అసలు నష్టం మూడుకూ తొమ్మిదికీ నడుమ ఎక్కడో ఉంటుందని నా అంచనా.

పోటీలో అది చాలా పెద్ద తేడా. స్విట్జర్లండులో జెర్మాట్ నుంచి వెర్బియే దాకా ముగ్గురేసి జట్లుగా సాగే 'పాత్రూయ్ దే గ్లాసియే' అనే పందెంలో 57 కిలోమీటర్ల దారి, 4,000 మీటర్లకు మించిన ఎక్కుడు. 1943లో సైనికుల పరీక్షగా మొదలైన పందెం అది. 2026 మిలాన్-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌కు స్కీ పర్వతారోహణను తొలిసారి చేర్చారు. ఇలాంటి పోటీలకు దిగేవాళ్ళు 500 నుంచి 700 గ్రాముల బూట్లే వేసుకుంటారు. వాళ్ళకు నిమిషాలే ప్రాణం. వాటితో దిగడం కూడా ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. సెలవురోజున కొండెక్కే మా వాడికి తొమ్మిది నిమిషాలు పోతే ఏమవుతుంది? స్నేహితులు పైన కూర్చుని కాసేపు ఎదురుచూస్తారు.

ఇక మా వాడు అడగని ప్రశ్న ఒకటుంది. బూటు మెడ ఎంత సులువుగా ఊగుతుంది? చీలమండకు 20 సెంటీమీటర్ల పైన మెడ అంచు ఉందనుకోండి. ప్రతి అడుగుకూ దాన్ని 10 సెంటీమీటర్లు ముందుకు తోయడానికి 25 న్యూటన్ల బలం కావలసివస్తే, జరిగే పని రెండున్నర జౌళ్ళు. పదివేల అడుగులకు? 25,000 జౌళ్ళు! చూశారా, కిలో బరువుకు అయిన ఖర్చంతా ఇక్కడే అయిపోయింది. దుకాణంలో అందరూ బూటును చేత్తో ఎత్తి బరువు చూస్తారు. మెడను ఊపి చూసేవాళ్ళు తక్కువ. మంచి బూటు మెడ 60, 70 డిగ్రీల మేర, వేలితో తోస్తే కదలాలి.

బూటుతో పాటు, దాన్ని స్కీకి తగిలించే అమరికా తేలికవుతూ వచ్చింది. పూర్వం చాలా అమరికలలో ప్రతి అడుగుకూ బూటుతో పాటు ఒక లోహపు పలక కూడా పైకి లేచేది. 1980 దశకంలో ఆస్ట్రియావాడు ఫ్రిట్జ్ బార్తెల్ ఆ పలకనే తీసేశాడు. బూటు ముందు కొనకు అటూ ఇటూ రెండు చిన్న గుంటలు పెట్టాడు. స్కీ మీది రెండు సూదిమొనలు వాటిలో దిగుతాయి, బూటు వాటి మీద తలుపు బందులా తిరుగుతుంది. నేటి తేలిక బూట్లన్నీ ఆ గుంటలతోనే వస్తున్నాయి.

ఇప్పుడు దిగుదాం. ఒక పాత శుభలేఖ అట్ట తీసుకుని గొట్టంలా చుట్టండి. అంచులు అంటించకుండా రెండు చేతులతో మెలితిప్పండి. ఇట్టే తిరుగుతుంది. ఇప్పుడు అంచులు బంకతో అంటించి, ఆరాక మెలితిప్పండి. తిరగనంటుంది. అట్ట అదే, బరువూ ఇంచుమించు అదే! చీలిక ఉన్న గొట్టం మెలికకు లొంగుతుంది, మూసిన గొట్టం లొంగదు. స్కీబూటు చీలిక ఉన్న గొట్టమే, లేకపోతే కాలు లోపలికి ఎలా పోతుంది? బకిల్ బిగించినప్పుడు అది మూసిన గొట్టానికి దగ్గరవుతుంది. వెనక మడమ దగ్గర ఉండే మీట, ఊగే మెడను కింది భాగంతో కలిపి బంధిస్తుంది. అప్పుడు కాలు పక్కకు వాల్చితే స్కీ అంచు మంచులోకి దిగబడుతుంది. బూటు వదులైతే కాలు తిరుగుతుంది, స్కీ తిరగదు.

పోటీబూట్లకు బకిళ్ళు తక్కువ, మెడ పొట్టి. పొట్టి మెడతో చిక్కేమిటి? చీలమండ చుట్టూ 100 న్యూటన్-మీటర్ల భ్రామకాన్ని నిలపాలంటే, 20 సెంటీమీటర్ల మెడ అయితే కాలి ఎముక మీద 500 న్యూటన్లు నొక్కుతుంది. 30 సెంటీమీటర్ల మెడ అయితే 333 చాలు. రోజులో దిగడానికి పట్టేది ఇరవై నిమిషాలే కావచ్చు. మా వాడి మోకాలు బెణికింది ఆ ఇరవై నిమిషాల్లోనే!

బరువు పెంచకుండా గట్టిదనం పెంచడం రసాయనశాస్త్రం పని. వట్టి దిగుడుకే చేసే బూట్లకు ఎక్కువగా వాడే పాలీయురెథేన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.2 గ్రాములు. తేలిక బూట్లకు వాడే నైలాన్-12 సాంద్రత 1.02. ఖరీదైనవాటిలో కార్బన్ నార కలుపుతారు. అది ఇంతకంటే బరువే, కానీ చాలా దృఢమైనది కనుక పలుచని పొర సరిపోతుంది.

ఇవన్నీ చూసి, 1,100 గ్రాముల వాటిలోనే మెడ సులువుగా ఊగేది కొనుక్కోమన్నాను. కొనేముందు లోపలి మెత్తని బూటు తీసేసి, బయటి పెంకులో కాలు పెట్టి, వేళ్ళు ముందుకు తగిలేలా నిలబడమన్నాను. మడమ వెనక ఒకటి రెండు వేళ్ళ సందు ఉంటే కొలత సరైనదే. సందు ఎక్కువైతే ఎంత గట్టి బూటైనా దండగ. మరీ బిగుతైతే రక్తప్రసారం తగ్గి వేళ్ళు చలికి కొంకర్లు పోతాయి.

చెప్పుల రహస్యాన్ని మీరూ పరీక్షించవచ్చు. అరకిలో ఇసుక మూటలు రెండు కట్టి వీపుసంచిలో వేసుకోండి. బడి మేడమెట్లు మామూలు వేగంతో అయిదుసార్లు ఎక్కిదిగి, వెంటనే నిమిషం సేపు నాడి లెక్కపెట్టండి. పావుగంట కూర్చోండి. ఆ మూటలనే చీలమండలకు గుడ్డతో కట్టుకుని, అదే వేగంతో మళ్ళీ ఎక్కిదిగండి. వేగం మారకుండా స్నేహితుడు గడియారం చూస్తూ ఉండాలి. తరగతిలో పదిమందైనా చేసి, రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. సగంమంది మాత్రం మూటలు కాళ్ళకు కట్టుకుని ముందు ఎక్కాలి. లేకపోతే రెండోసారి వచ్చిన అలసటను కూడా బరువు ఖాతాలో రాసేస్తారు!