కరపత్రం దాటేసిన ప్రశ్నలు

చిరంజీవి అమ్మలుకి,

పత్రికలో ఆరోగ్యం పేజీ అప్పగించారని రాశావు, సంతోషం. వచ్చిన వ్యాసం మంచిదో కాదో తేల్చడం ఎలా అని అడిగావు. చదివితే తెలిసిపోతుందంటారు పాతకాలపు సబ్ ఎడిటర్లు. అందులో సగమే నిజం. చదివితే తప్పు వాక్యం దొరుకుతుంది, రాయకుండా వదిలేసిన వాక్యం దొరకదు.

దాన్ని పట్టుకోవడానికి పనికొచ్చే చెక్‌లిస్టు ఒకటి బ్రిటన్‌లో పుట్టింది. పేరు డిసర్న్. ఆక్స్‌ఫర్డ్‌లో డెబొరా చార్నాక్, ఆమె సహచరులు తయారుచేసిన దీని వివరాలు 1999లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. చికిత్సల గురించి జనం కోసం రాసిన కరపత్రాలను, వ్యాసాలను బేరీజు వేయడం దీని పని. మొత్తం 16 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొదటి 8 ప్రశ్నలు రాత నమ్మదగినదేనా అని ఆరా తీస్తాయి: ఉద్దేశం స్పష్టంగా ఉందా, సమాచారం ఎక్కడిది, ఎప్పటిది, ఒక పక్షానికే కొమ్ము కాస్తోందా? తర్వాతి 7 చికిత్స గురించి. చివరిది మొత్తం మీద తీర్పు. వైద్యం చదవనివాళ్లు కూడా వాడుకోగలిగేలా దీన్ని రూపొందించారు.

మోకాలి కీలు మార్పిడి మీద ఒక కరపత్రం ఉందనుకో. ఆపరేషన్ ఎలా చేస్తారో, ఎన్నాళ్లకు నడవొచ్చో చక్కగా రాశారు. బొమ్మలూ బాగున్నాయి. మామూలుగా చదివితే వంక పెట్టడానికేమీ ఉండదు. పదకొండో ప్రశ్న నష్టాల గురించి అడుగుతుంది. ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి మాటే కరపత్రంలో లేదని అప్పుడు బయటపడుతుంది. పద్నాలుగో ప్రశ్న వేరే దారులున్నాయని చెప్పారా అంటుంది. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, నొప్పి మాత్రలు ఎక్కడా కనిపించవు.

అన్నిటికన్నా పదునైనది పన్నెండోది: ఏ చికిత్సా చేయించుకోకపోతే ఏమవుతుంది? అమ్మేవాడు ఈ ప్రశ్నకు జవాబు రాయడు. రోగికి కావలసిన మొదటి జవాబు మాత్రం అదే. కీళ్ల అరుగుదల సాధారణంగా ప్రాణం మీదికి తెచ్చేది కాదని, నొప్పి ఒక్కోసారి తగ్గి మళ్లీ పెరగొచ్చని తెలిస్తే, ఆపరేషన్‌కి తొందరపడాలా వద్దా అని ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకుంటారు.

అలాగని మార్కులు వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. సమాచారం ఎక్కడిదో చెప్పారా అని డిసర్న్ అడుగుతుందే తప్ప, ఆ సమాచారం నిజమా అని తేల్చలేదు. తప్పుడు లెక్కలకు ఆధారాలు అందంగా తగిలించిన వ్యాసానికీ మంచి మార్కులు పడిపోవచ్చు. నిజానిజాలు డాక్టర్ చూడాల్సిందే. పరిశోధకుల కోసం 1996లో వచ్చిన కన్సార్ట్ చెక్‌లిస్టుకూ ఇదే హద్దు. ప్రయోగాన్ని ఎలా చేశారో రాశారా అని చూస్తుంది, బాగా చేశారా అన్నది చదివేవాళ్లకే వదిలేస్తుంది.

తెలుగు పేజీకి ఇంకో చిక్కుంది. భాష అర్థమవుతోందా అన్న ప్రశ్న డిసర్న్‌లోని పదహారింటిలో లేదు. ఇంగ్లీషు నుంచి దింపిన ముడి వాక్యాలతో నిండిన వ్యాసం కూడా ఇందులో గట్టెక్కుతుంది. కాబట్టి పదిహేడో ప్రశ్నగా దాన్ని చేర్చుకోక తప్పదు. దానికి మార్కులు వేయాల్సింది డెస్క్ కాదు, ఆ జబ్బున్న పాఠకుడు.

రేపు వచ్చే వ్యాసానికి నువ్వూ, పక్క సీటులోని సహోద్యోగీ విడివిడిగా మార్కులు వేయండి. మాట్లాడుకోకుండా వేయాలి సుమా! ఒకరు 5, ఇంకొకరు 2 వేసిన చోట ఆ విషయం గురించి రాసిన పేరా తీసి మళ్లీ చదవండి. అది తేటగా లేదనిపిస్తే, మొహమాటపడకుండా రచయితకు తిప్పి పంపెయ్.

ఇట్లు,
పెదనాన్న